కుడివైపు తలుపు

ఆగు, డాష్‌బోర్డు మీది ఆ చుట్ట గుర్తు దీపం ఆరేదాకా తాళం పూర్తిగా తిప్పకు, డీజిలు బండి చలిపొద్దున మా ఆయనలాంటిది, కాస్త వేడెక్కనిస్తే గాని మాట వినదు, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. వెనక అద్దంలో ఫెర్గస్ కనిపిస్తున్నాడు. డ్రైవింగ్ పరీక్ష పెట్టే అధికారి ఆయనే. తెల్లగడ్డం, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, చేతిలో ట్యాబు. వ్యాన్ వెనక నిలబడి "బ్రేకు" అంటాడు, తొక్కుతాను. "ఎడమ" అంటాడు, ఎడమ ఇండికేటరు వేస్తాను. "కుడి" అంటాడు, అదీ వేస్తాను, వైపరు కదలలేదు, అమ్మయ్య. పోయినసారి హూరియా వదిన చిన్నకారులో పరీక్షకొచ్చాను. అది ఐరోపా బండి, దాంట్లో ఇండికేటరు పుల్ల ఎడమచేతి వైపు, మా జపాన్ వ్యాన్‌లో కుడిచేతి వైపు, ఆ రోజు ప్రతి మలుపులోనూ మండుటెండలో వైపర్లు ఆడించుకుంటూ పోయాను. అయినా ఫెయిలయింది అందుకు కాదు. నడిరోడ్డు మీద బండి ఆపి, ఎదురొచ్చిన మా పిన్ని కొడుకుతో అద్దం దించి మాట్లాడినందుకు. వాళ్ళమ్మకి ఆపరేషనయి వారం కాలేదు, అడక్కుండా ఎలా పోతాను? మా తీరం మీద అందరం అలాగే మాట్లాడుకుంటాం, వెనక బండివాడు కూడా దిగొచ్చి ఆ మాటల్లో చేరతాడు. ఇది ఫకతానె పట్నం, ఇక్కడ అలా కుదరదని అప్పుడు తెలియలేదు. ఈసారి అదే ఫెర్గస్, అదే నేను, బండి మాత్రం మాది. మోకాళ్ళు మాత్రం లేచి గంతులేద్దామంటున్నాయి. యాభై దాటి, మనవలున్న మనిషిని, ముందు అద్దానికి పసుపు ఎల్ బిళ్ళ తగిలించుకుని పదహారేళ్ళ పిల్లలా కూర్చున్నాను.

ఆయన తలుపు తీసుకుని నా ఎడమపక్కన కూర్చున్నాడు. నా సీట్లో. ఆ దిండులో పడ్డ గుంట నాది, ఇన్నేళ్ళు ఆ మూలకి ఒరిగి కూర్చుని నేను చేసిన గుంట, అందులో ఆయన కుదురుకోలేక అటూ ఇటూ జరుగుతున్నాడు. దీపం ఆరింది. తాళం తిప్పాను. ఇంజను గొంతు సవరించుకుని అందుకుంది, వెంటనే డాష్‌బోర్డు లోపల్నుంచి మా జపాన్ ఆవిడ తేనెలాంటి గొంతుతో రోజూ చెప్పే మాటే చెప్పింది. ఫెర్గస్ ఉలిక్కిపడ్డాడు.

"ఏమంటోందండీ ఆవిడ?"

"జాగ్రత్తగా వెళ్ళి రమ్మంటోంది."

"మీకు జపాన్ భాష వచ్చా?"

"రాదండీ. కానీ పొద్దున్నే అంత మర్యాదగా ఇంకేం చెప్తారు?"

గడ్డంలో ఏదో కదిలింది, నవ్వో దగ్గో తెలియలేదు. రోడ్డు అవతల బెంచీ మీద మా ఆయన మోకెనా, ఆయన అక్క హూరియా వదిన కూర్చున్నారు. వదిన రెండు బొటనవేళ్ళూ ఎత్తి ఊపుతోంది. మోకెనా మాత్రం మొహం పక్కకి తిప్పుకుని పోస్టాఫీసు వైపు చూస్తున్నాడు. తెలియనివాళ్ళు చూస్తే కోపమొచ్చి అటు తిరిగాడనుకుంటారు. కాదు, నన్నే చూస్తున్నాడు. చూపుకి నడిమధ్యన పొగ కమ్మేసి, చుట్టూ అంచు మాత్రం మిగిలింది ఆయనకి. నన్ను చూడాలంటే నా పక్కకి చూడాలి. అద్దం, భుజం మీంచి ఒక చూపు, ఇండికేటరు. కదిలాం. అమ్మో, కదిలాం! ఇంత పెద్ద ఇల్లు, మంచం, సింకు, గ్యాసు పొయ్యి, పూలపూల తెరలు, పైన మడతపెట్టిన డేరా కప్పు, అన్నీ నా కుడికాలి బొటనవేలి కింద నుంచి మెల్లగా రోడ్డు మీదికి జారుకున్నాయి.

"రెండో సందులో ఎడమకి," అన్నాడు ఫెర్గస్. రెండో సందు. నేనెప్పుడూ ఎడమవైపే కూర్చున్నాను. పుట్టినప్పుడు నాన్న ట్రాక్టరు మీద, బడికి అన్నయ్యల లారీలో, పెళ్ళినాడు మావయ్య కారులో, ఆ తర్వాత అంతా మోకెనా పక్కన. ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్తుంటారు, నేను ఎక్కుతాను. అడిగినవాళ్ళు లేరు, అడగాలని నాకూ తోచలేదు, దారిలో తినడానికి వేయించిన రొట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నా పని. మా ఊరి నుంచి ఒపోటికి అనే పట్నం వెళ్ళేటప్పుడు సముద్రం డ్రైవరు వైపు ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు నా వైపుకొస్తుంది. అందుకని నాకు తిరుగు ప్రయాణాలే ఇష్టంగా ఉండేవి, ఎందుకిష్టమో ఈ మధ్యే తెలిసింది. మొదటిసారి ఇటు కూర్చుని ఆ దారి నడిపినప్పుడు, కళ్ళు మూసుకుని చెప్పగలననుకున్న మలుపులన్నీ కొత్తగా ఎదురొచ్చాయి. ఫలానా కొండచరియ దగ్గర గోతులున్నాయని నాకు వీపుతో తెలుసు, కళ్ళతో తెలియదు. ఇదిగో రెండో సందు. అద్దం, భుజం, ఇండికేటరు. తిరిగింది. వెన్నలా తిరిగింది. ఎదురుగా తెల్లకారు వస్తోంది, మా తీరం అలవాటు కొద్దీ స్టీరింగ్ మీంచి నా చూపుడువేలు దానంతటదే లేచి ఆ కారుకి దణ్ణం పెట్టింది. ఎవరో ఏమో. దించు, దించు.

బడి ముందు నెమ్మది. సైకిలు మీద పిల్ల, దూరంగా జరుగు. ఈ బండిలో కూర్చుంటే ఎత్తు, కంచెల మీంచి జనాల పెరళ్ళు కనిపిస్తాయి, ఎవరింట్లో బట్టలారేశారో ఎవరింట్లో ఆరేయలేదో తెలిసిపోతుంది. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ఇలాంటి మంచాల బండిని సెలవులకి మాత్రం బయటికి తీస్తారు, చలికాలమంతా టార్పాలిన్ కింద జోకొడతారు. మాకు ఉన్నదే ఇది. పాలకి ఇదే, పళ్ళ డాక్టరుకి ఇదే, నేను వంట చేసే పసిపిల్లల బడికి దుంపలు మోసేది ఇదే. మోకెనా దీన్ని తెచ్చిన రోజు నేను పెట్టిన కేకలకి పక్కింటివాళ్ళు కంచె దగ్గరికొచ్చారు. పాతకారు చచ్చిపోయింది, ఓడల్లో దిగిన బళ్ళు అమ్మే యార్డుకి వెళ్ళి చిన్న కారొకటి తెస్తానని పోయాడు. సాయంత్రం ఈ తెల్ల ఏనుగుని తోలుకొచ్చాడు, జపాన్‌లో ఎవరో ఎన్నో ఏళ్ళు వాడి వదిలేసింది, ప్రతి మీట కిందా చీమల బారుల్లాంటి రాతలు. "సంచీడు ఉల్లిపాయలు తేవడానికి ఇల్లెందుకయ్యా?" అన్నాను. "ఉల్లిపాయలు తెచ్చే దారిలో ఆకలేస్తే?" అన్నాడు. నిజంగానే ఆకలేసింది, వారం తిరక్కుండా. వానకి కొండ జారి రోడ్డు మూసేస్తే, ఆగిపోయిన బళ్ళన్నిటికీ మా సింకు దగ్గర్నుంచి టీ వెళ్ళింది. అప్పట్నుంచి ఈ బండి మాది మాత్రమే కాకుండా పోయింది. ఎవరైనా చనిపోయి ఊరంతా మరయెలో, మావాళ్ళు కూడే ఆ పెద్ద చావడిలో, పక్కపక్కన పడుకున్నప్పుడు, గురకపెట్టే ముసలమ్మలందరినీ మా వ్యాన్‌కి తోలేవారు, ఆ గురకలకి పైడేరా గాలికి ఊగినట్టు ఊగేది. మనవడి రగ్బీ జట్టు సగం ఇందులోనే బట్టలు మార్చుకునేది. ఒకసారి వెనక మంచం మీద వేటాడిన పంది, సింకులో సముద్రపు పావా గుల్లలు, నా ఒళ్ళో పెళ్ళి కేకు, అందరం ఒకే ముహూర్తానికి చేరాం. రేడియో జపాన్ లెక్కలోది, ఇక్కడి స్టేషన్లలో ఒక్కటే అందుతుంది, అందులో పొద్దస్తమానం గుర్రప్పందేలు. జీవితంలో పందెం కాసింది లేదు, దేశంలో గుర్రాల పేర్లన్నీ నోటికొచ్చు.

"ముందు రోడ్డు పని జరుగుతోంది, చూసుకోండి," అన్నాడు ఫెర్గస్. చూశాను. నారింజ శంకువులు, సగం తవ్విన దారి, ఒక మనిషి చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర ఆగు అన్న ఎర్ర పళ్ళెం. ఆగాను, గీతకి వెనకే ఆగాను. ఆ హెల్మెట్ కింది మొహం చూశాను. వెటినీ! మా పిన్ని కొడుకు, పోయినసారి నన్ను ఫెయిలు చేయించినవాడే. లోకంలో ఇన్ని రోడ్లుండగా వీడికి ఈ రోడ్డే దొరికిందా! పళ్ళన్నీ బయటపెట్టి నా కిటికీ దగ్గరికి వచ్చేశాడు.

"ఏయ్ అక్కా! ఎవరే ఈ ముసలాయన? బావని దించేసి కొత్తాయన్ని ఎక్కించుకున్నావా?"

నేను ముందుకే చూస్తున్నాను. మెడలో నరం పట్టేసినట్టు ముందుకే చూస్తున్నాను.

"ఏంటే, పలకవు? పట్నం రాగానే కళ్ళు నెత్తికెక్కాయా? అమ్మ నీ గురించే అడుగుతోంది. మొన్న నువ్విచ్చిన పులుసు—"

"ఒరేయ్," అన్నాను పెదవులు కదలకుండా, "పరీక్షలో ఉన్నాను. కర్ర తిప్పు."

వాడు వంగి ఎల్ బిళ్ళ చూశాడు, ఫెర్గస్ మేజోళ్ళు చూశాడు, పోయినసారి సంగతి గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. ఒక్క గంతులో వెనక్కెళ్ళి, అటెన్షన్‌లో నిలబడి, కర్ర తిప్పి, పచ్చ పళ్ళేనికి పక్కన చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. నాకు నవ్వు ముక్కులోంచి తన్నుకొస్తోంది, చెంపలు లోపలి నుంచి కొరుక్కుంటూ బండి కదిపాను. ఫెర్గస్ ట్యాబులో ఏదో రాశాడు. ఏం రాశాడు? "చుట్టాలు ఎక్కువ" అని రాశాడా? వాళ్ళమ్మ ఎలా ఉందో అడగనేలేదు. తర్వాత ఫోను చేస్తాను.

"ఆ నీలం కారు వెనక, రోడ్డు పక్కకి రివర్సులో పెట్టండి." వచ్చింది, నేను భయపడ్డ ఘట్టం రానే వచ్చింది. ఇంత బండిని ఆ సందులో రివర్సులో దూర్చాలి. గేరు వెనక్కి పడగానే వ్యాన్ కీచుకీచుమని మొదలెట్టింది, ఆ చప్పుడుకి మా ఇంట్లో కోళ్ళు పరిగెత్తుకొస్తాయి, మేత బస్తా వచ్చిందనుకుంటాయి. మొదట్లో మోకెనాయే నేర్పుతానన్నాడు. కళ్ళు లేకపోయినా చెవులున్నాయన్నాడు. "ఇంజను ఏడుస్తోందే, వినపడట్లా? కాలు తియ్! తియ్యమంటే తొక్కుతావేంటే!" అని ఒక చెవి, "ఇప్పుడు గట్టు మీదెక్కావు" అని ఇంకో చెవి, ఎక్కలేదు, ఎక్కబోతున్నానంతే, మూడో రోజుకి నేను తాళం తీసి క్యాబేజీ మడిలోకి విసిరేశాను. ఇద్దరం మోకాళ్ళ మీద వెతికాం, నేను కళ్ళతో, ఆయన చేతుల్తో, ఆయనకే దొరికింది. మర్నాడు హూరియా వదిన వచ్చింది. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, మా జిల్లాలో సగం మందిని ముక్కుచీమిడి తుడిచి బస్సెక్కించిన మనిషి. స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి పాత ప్రార్థన చదివింది, ఆమెన్ అనకముందే "కూర్చోవే" అంది. "గుడ్ల బుట్ట మీద కాలు పెట్టినట్టు పెట్టు. అద్దంలో కనిపించేది నమ్ము, మీ ఆయన చెప్పేది నమ్మకు." వెనక కప్పు మీంచి వేలాడే గుండ్రద్దం ఒకటుంది ఈ జపాన్ బళ్ళకి, బండి తోక కింద ఏముందో చూపిస్తుంది, ఇన్నేళ్ళూ అది అలంకారమనుకున్నాను. ఇప్పుడు అందులో గట్టు, గట్టు మీద గడ్డి, గడ్డిలో చిప్స్ కాగితం. ఇంకొంచెం. ఇంకొంచెం. గుడ్ల బుట్ట, గుడ్ల బుట్ట. ఆపు. ఫెర్గస్ తలుపు తీసి కిందికి చూశాడు. గట్టుకి జానెడు. నా ఒళ్ళంతా చప్పట్లు కొడుతోంది, పైకి మాత్రం అమ్మోరిలా కూర్చున్నాను.

"వంతెన దాటుదాం." ఫకతానె నది వంతెన. నీళ్ళ మీద వెండి పరిచినట్టు ఎండ. వెనక అద్దం నిండా దుంగల లారీ వచ్చి కూర్చుంది, దాని ముందు పళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వెనక లారీ, కింద వంతెన. మోకెనా చూపు సంగతి బయటపడ్డ రోజు కూడా లారీయే, ఎదురుగా, వాగు మీద ఒంటివరస వంతెన. అవతలి బండి వంతెన మీద ఉంటే ఇవతల ఆగాలి, మోకెనా తన బతుకంతా ఆగాడు అక్కడ, ఆ రోజు ఆగలేదు. పాట పాడుతున్నాడు. నేను దుంగల బెరళ్ళు కూడా చూస్తున్నాను, ఆయన పాడుతున్నాడు. ఎడమ సీట్లోంచి నా చెయ్యి వెళ్ళి స్టీరింగ్ పట్టుకుని కిందికి లాగింది, వ్యాన్ కంకరలోకి దూకి, గిన్నెలన్నీ అల్మరాలోంచి బయటికి దొర్లి, ఆగింది. పక్కనుంచి లారీ గాలి మమ్మల్ని ఒక్క ఊపు ఊపి పోయింది. దుమ్ము దిగింది. "చూళ్ళేదు," అన్నాడు. "ఎప్పట్నించి?" అన్నాను. "క్రిస్మస్ ముందు నుంచి," అన్నాడు, పండగలో పగలగొట్టిన గ్లాసు గురించి చెప్పినట్టు. ఇంటికి తోలేవాళ్ళు లేరు. వదిన వచ్చేదాకా ఆ కంకరలోనే కూర్చుని, చేతికందిన రొట్టెముక్క చెరిసగం తిన్నాం. అదీ నేను మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నది. ఆ తర్వాత వ్యాన్ చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. ఆయన రోజూ వెళ్ళి ఇంజను తిప్పి, ఆ జపాన్ ఆవిడ మాట విని, ఆర్పేసి వచ్చేవాడు. అది చూడలేక, ఒకరోజు గిన్నెలు తోముతూ "నేను నేర్చుకుంటా" అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కోసమే అన్నానని అందరూ అనుకున్నారు. ఆయన కోసమే. కానీ నేర్చుకుంటున్నకొద్దీ ఇంకోటి కూడా, అడుగున కుక్కపిల్లలా కదులుతుండేది, ఎవరికీ చెప్పలేదు: నాకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పక్కన ఎవరూ లేకుండా నడపాలనుంది. కదిలే బండిలో నేను పుట్టి బుద్ధెరిగి ఒంటరిగా ఉన్నది లేదు.

వంతెన అయిపోయింది. లారీ కుడివైపు ఎటో తిరిగిపోయింది. "ఇక్కడ చుట్టుతిరిగి వెనక్కి, పెద్దరోడ్డు మీదికి కుడివైపు." ఒక చిన్న సందు చివర నిలబడ్డాను. పెద్దరోడ్డు మీద బళ్ళు బారులు తీరి నత్తలా పాకుతున్నాయి. కుడివైపు నుంచి ఇంకో దుంగల లారీ వచ్చి, నాకు సందిచ్చి ఆగింది. డ్రైవరు ఎర్ర టోపీవాడు, పైనుంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు, రా తల్లీ, రా. మంచివాడు. ఎడమవైపు ఖాళీగా ఉంది. వెళ్ళొచ్చు. కాలు బ్రేకు మీంచి లేవబోయింది. కానీ లారీకి అవతల ఏముంది? ఆ దుంగల గోడ వెనక నాకేం కనిపిస్తోంది? ఏమీ లేదు. అద్దంలో కనిపించేది నమ్ము అంది వదిన, కనిపించనిదాన్ని ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆయన మళ్ళీ ఊపాడు. వెనక కారు హారను కొట్టింది. ఇన్నేళ్ళూ ఎవరు రమ్మంటే వాళ్ళ బండెక్కాను కదా అనిపించింది, ఎవరు పదమంటే పదమన్నాను, కాలు మాత్రం బ్రేకు మీదే ఉండిపోయింది. హారను మళ్ళీ. చెవులు వేడెక్కుతున్నాయి. వెళ్ళను. నాకు కనిపించేదాకా వెళ్ళను, ఫెయిలు చేస్తే చెయ్యి. అప్పుడు లారీ చాటునుంచి, బారుని దాటుకుంటూ, బాణంలా ఒక మోటారుసైకిలు దూసుకొచ్చి, నేను ఉండాల్సిన చోటుమీంచి వెళ్ళిపోయింది. నల్ల జాకెట్టు వీపు, అంతే, పోయింది. ఎర్ర టోపీవాడి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. పక్కకి చూడకూడదు గాని చూశాను, ఫెర్గస్ రెండు పాదాలూ, తన వైపు లేని బ్రేకుని నేలకేసి అదిమి పట్టుకుని ఉన్నాయి. మెల్లగా సడలించాడు. "మ్," అన్నాడు. నేను మెడ చాచి లారీ అవతల చూసి, ఎడమ చూసి, మళ్ళీ చూసి, అప్పుడు వెళ్ళాను. ఎర్ర టోపీవాడికి దణ్ణంగా వేలెత్తాను. ఇది కావాలనే ఎత్తాను.

మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాం. ఇంజను ఆపాక రేడియో మీద చెయ్యేశాను, తీసేశాను. ఫెర్గస్ ట్యాబు మీద ఏదో నొక్కుతున్నాడు, గడ్డం గోక్కుంటున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఒక్కటి అడుగుతాను రీపెకా గారూ. ఎదురొచ్చిన ప్రతి బండికీ వేలెత్తారు. వాళ్ళంతా ఎవరు?"

"తెలీదండీ."

"మరి?"

"ఒకవేళ తెలిసినవాళ్ళయితే, ఎత్తకపోతే బాగోదు కదండీ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు, భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగేసరికి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "రెండు చేతులూ స్టీరింగ్ మీదుంచుకోండి," అన్నాడు. "ఆ లారీ దగ్గర ఆగారు చూడండి. నేనైతే వెళ్ళేవాణ్ణేమో. పాసయ్యారు." దిగుతూ ఆగి, నా సీటు దిండుని అరచేత్తో తట్టి, "ఇందులో ఎవరు కూర్చునేవాళ్ళో గాని మహా గట్టిగా కూర్చున్నారండీ," అని వెళ్ళిపోయాడు.

పాసయ్యారు. పాసయ్యాను. కుడివైపు తలుపు తీసి కిందికి దూకాను, మోకాళ్ళు అడిగిన గంతు రోడ్డు మీదే వేశాను. నేను నోరు తెరవకముందే హూరియా వదిన అరుపుకి పోస్టాఫీసు మెట్ల మీది పావురాలన్నీ లేచిపోయాయి. పరిగెత్తుకొచ్చి, మా పద్ధతిలో నా ముక్కుకి ముక్కు, నుదుటికి నుదురు ఆనించి, అంతటితో ఆగక రెండు చెంపలూ వాయించింది. "నా బస్సు పరువు నిలబెట్టావే!" అంటూ ఎల్ బిళ్ళని పీకి తన సంచీలో వేసుకుంది, మనవరాలికి దాచిపెడుతుందట. మోకెనా బెంచీ మీంచి లేచి నెమ్మదిగా వచ్చాడు, అలవాటు కొద్దీ కుడివైపు తలుపు దాకా వచ్చి, పిడి మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుంటుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. గంతులన్నీ నాలో ఎక్కడికక్కడ నిలబడిపోయాయి.

"రివర్సు బాగా పెట్టావటగా," అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"విన్నా. మూలదాకా వినపడింది కీచుకీచు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలా." పిడి వదిలేశాడు. మొహం పక్కకి తిప్పి, నా చెవి పక్కన గాలిలోకి చూస్తూ, అంటే నా కళ్ళలోకే చూస్తూ, "వెళ్ళిరా," అన్నాడు.

"ఎక్కడికి?"

"నాకేం తెల్సు? మేమిక్కడ కూర్చుంటాం. ఒక్కదానివే ఓ చుట్టు తిరిగి రా. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నా పాటలు విన్నావ్, కాసేపు ఎవర్నీ వినకుండా తిరుగు."

నేను ఎవరికీ చెప్పలేదు ఆ మాట. నిద్రలో అన్నానా? అడగలేదు. అడిగితే ఏడుస్తాను, ఏడుస్తూ బండి నడపకూడదని వదిన మొదటి రోజే చెప్పింది. ఎక్కాను. తలుపేశాను. ఎడమ సీటు ఖాళీ, గుంట ఖాళీ, వెనక మంచం ఖాళీ. అద్దం, భుజం, ఇండికేటరు. సందు దాటాను, ఎవరూ "ఎడమకి" అనలేదు, అయినా ఎడమకి తిరిగాను, నా ఇష్టం, తర్వాత కుడికి, అదీ నా ఇష్టమే! సర్కిలు దగ్గర చుట్టూ ఒకసారి తిరిగి, బాగుందనిపించి ఇంకోసారి తిరిగాను. కిటికీలు దించేశాను. తెరలు పక్షుల్లా కొట్టుకుంటున్నాయి. రేడియోలో గుర్రప్పందేలాయన గొంతు చించుకుంటున్నాడు, ఫలానా గుర్రం ముందుకొస్తోంది, వస్తోంది, వచ్చేసింది, అని, నేను ఆయన్ని మించి అరిచాను, గుర్రం పేరే అరిచాను, నవ్వాను, మళ్ళీ అరిచాను. ఎవరూ "ఏంటే ఆ అరుపులు" అనలేదు. నది పక్కన రోడ్డంతా నాది, అందులో సగమే నాదని గుర్తొచ్చి ఎడమకి జరిగాను. రేవు దగ్గర చేపల కొట్టు ముందు ఆపాను, గీతల మధ్య సరిగ్గా ఆపాను, చూసేవాళ్ళు లేరని దిగొచ్చి నేనే చూసుకున్నాను. చేపలు, చిప్స్ కట్టించుకున్నాను. కొట్టు పిల్ల వ్యాన్ వైపు చూసి, "సెలవులకొచ్చారా ఆంటీ?" అంది. "కాదమ్మా," అన్నాను, "ఊరికే తిరుగుతున్నా." ఆ మాట ఎంత బాగుందో. ఇంకోసారి అనాలనిపించి, ఉప్పు ఎక్కువ వెయ్యమని అడిగి, మళ్ళీ అన్నాను.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ బెంచీ దగ్గర లేరు. కొంచెం ముందుకెళ్తే కనిపించారు, మా ఊరివైపు వెళ్ళే రోడ్డు మొదట్లో, గడ్డి గట్టు మీద. వదిన నడుం మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వుతోంది. మోకెనా రోడ్డు అంచున నిలబడి, ఇంజను చప్పుడు దగ్గరవుతుంటే చెవి అటు తిప్పి, కుర్రకారు దారిన పోయే బళ్ళని ఆపినట్టు చెయ్యి చాచి బొటనవేలు ఊపుతున్నాడు. ఇండికేటరు వేసి, మెల్లగా పక్కకి తీసి ఆపాను. ఆయన టోపీ తీసి, వంగి, కిటికీలో తల పెట్టాడు.

"అమ్మా, తీరం వైపేనా? కాస్త ఎక్కించుకుంటారా, పుణ్యముంటుంది."

"ఎంతమంది?"

"నేనూ, ఈ ముసలి అక్కా. చిప్స్ వాసనొస్తోంది, నిజమేనా?"

"వదిన ముందు సీట్లో. అది రూలు, ఈ కొత్త లైసెన్సుతో ఒంటరిగా తిరగొచ్చు గాని, మనుషుల్ని ఎక్కించుకుంటే పెద్ద లైసెన్సున్నవాళ్ళు పక్కనుండాలి. నువ్వు వెనక మంచం మీదికెక్కు. బెల్టు పెట్టుకో."

"నా బండిలో నన్ను వెనక్కా!"

"ఎక్కుతావా, పోనా?"

జరుగు తలుపు బర్రుమని తెరుచుకుంది. వ్యాన్ ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. "చిప్స్ ఇటివ్వవే," అన్నాడు వెనక్నుంచి. "దారిలో మాట్లాడొచ్చా, లేక అదీ రూలేనా?"

"మాట్లాడు," అన్నాను, "కాని మలుపులు చెప్పకు."